మడ అడవి నుంచి గుసగుస

మా స్విండన్‌లో తెలుగువాళ్ళు కలిసినప్పుడల్లా రిటైరైనవాళ్ళని ఒక మూల సోఫాలో కూర్చోబెట్టి, చేతికో ప్లేటిచ్చి మర్చిపోతారు. మొన్న అలాగే కూర్చుని ఉంటే, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒకమ్మాయి పక్కన చేరి, "ఆంటీ, మీరేం వర్క్ చేసేవారు?" అని అడిగింది.

"పక్షుల్ని వినేదాన్నమ్మా" అన్నాను.

"సో క్యూట్!" అంది.

క్యూటో కాదో చెప్పాలంటే చాలాసేపు పడుతుంది. ఈలోపు బిర్యానీ చల్లారిపోతుంది. అందుకని నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. ఆ అమ్మాయి కోసమూ, ఆ వయసు వాళ్ళ కోసమూ ఒక్క సంగతి రాసి పెడుతున్నాను. ఇందులో నేను గెలిచిందేమీ లేదు. గెలిచినవి వేరే ఉన్నాయి కానీ, వాటిని చెప్పుకునే ఓపిక ఎప్పుడో పోయింది.

మా ఆఫీసు ఊరి చివర ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఉండేది. కింద కార్లకి టైర్లు మార్చే షాపు, పైన మేము. ఎక్కడైనా రోడ్డో, రేవో, ఫ్యాక్టరీయో కట్టాలనుకునేవాళ్ళు అక్కడ ఏ జీవాలు బతుకుతున్నాయో ముందు తేల్చుకోవాలి కదా. ఆ తేల్చే పని మాది. దేశదేశాల అడవుల్లో చెట్లకి చిన్న రికార్డర్లు కట్టిస్తాం. అవి అడవి చప్పుళ్ళని పట్టి కార్డుల్లో దాస్తాయి. ఆ కార్డులు పోస్టులో స్విండన్ వస్తాయి. మేం గోడలకి పాత కార్పెట్లు కొట్టిన గదిలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఏ పక్షి ఎప్పుడు కూసిందో గుర్తులు పెడతాం. కింద టైర్ల షాపువాళ్ళు నట్లు బిగించే మిషను ఆన్ చేసినప్పుడల్లా పని ఆపి టీ తాగేవాళ్ళం. ఆ లెక్కన మేం తాగినంత టీ ఆ ఎస్టేట్‌లో ఇంకెవరూ తాగి ఉండరు. టీ పెట్టడానికి వంతుల రోటా కూడా ఉండేది. దాన్ని తప్పించుకోవడానికి మా వాళ్ళు వేసిన ఎత్తులు రాస్తే అదే ఒక పుస్తకం అవుతుంది.

నన్ను ఆ ఉద్యోగంలోకి తీసుకోవడానికి కారణం మా ఊరు. గోదావరి సముద్రంలో కలిసే వైపు మాది. ఉప్పునీటి బురదలో పెరిగే మడ అడవి మా ఊరికి బస్సు దూరం. ఇంటర్వ్యూలో ఆ ముక్క చెప్పగానే ఎదురుగా ఉన్నవాళ్ళ ముఖాలు వెలిగిపోయాయి. నిజానికి ఆ అడవిని నేను బస్సు కిటికీలోంచి తప్ప చూడలేదు. ఎమ్మెస్సీలో నేను కోసినవి కప్పలు, చదివినవి గైడ్లు. మా ఆయన ఉద్యోగం కోసం ఈ దేశం వచ్చి, పిల్లలు స్కూలుకి పోయాక తోచక అప్లై చేశాను. నాకున్న ఒకే ఒక్క అర్హత చెవి. చిన్నప్పుడు అమ్మ బలవంతాన నేర్పించిన సంగీతం ఎక్కడా అక్కరకి రాలేదు కానీ, ఇక్కడ అన్నం పెట్టింది.

వినే గదిలో మేం ముగ్గురం. మొదటివాడు మా సీనియర్. ఇంగ్లీషాయన. కుర్రతనం నుంచీ ఇక్కడి అడవుల్లో తెల్లవారకముందే లేచి పక్షుల్ని విన్న మనిషి. బస్టాపులో నిలబడి మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, ఎక్కడో కూసిన పిట్ట పేరు చెప్పి, మళ్ళీ వదిలిన చోటే మాట అందుకునేవారు. రెండోవాడు కరీంనగర్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ అబ్బాయి. అబ్బాయంటే నాకు అబ్బాయి, ఇద్దరు పిల్లల తండ్రి. రికార్డింగుల్లోంచి వాన, గాలి, మోటారు చప్పుళ్ళు తీసేసి మాకు శుభ్రమైన ఫైలు ఇచ్చే ప్రోగ్రామ్ అతనిది. నన్ను ఆంటీ అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని.

"ఆఫీసులో ఆంటీ ఏంటయ్యా? నేనేం నీకు పక్కింటిదాన్నా?" అనేదాన్ని.

"మరి ఏమనాలె ఆంటీ? పేరు పెట్టి పిలిస్తే మా అమ్మ ఫోన్ల తిడ్తది" అనేవాడు.

మా సీనియర్‌కి రెండు నియమాలుండేవి. మొదటిది, రికార్డర్ తెల్లవారుజామున మాత్రమే వినాలి. ఇంగ్లండులో వసంతం వచ్చిందంటే సూర్యోదయానికి ముందే పక్షులన్నీ ఒక్కసారిగా అందుకుంటాయి. ఆ వేళ విన్నవాడికి ఆ అడవిలో ఏమున్నాయో తెలిసిపోతుందని ఆయన నమ్మకం. బ్యాటరీ కూడా కలిసొస్తుంది. రెండోది, చూసినవాళ్ళు చెప్పకూడదు. అడవికి వెళ్ళి రికార్డర్ పెట్టే మనిషి స్థలం గుర్తూ, తేదీ పలికి ఊరుకోవాలి. ఏ పక్షులు కనిపించాయో, ఏం జరిగిందో మాకు చెప్పకూడదు, రాయకూడదు. ఒప్పందంలోనే ఆ మాట ఉండేది. మొదటిరోజే ఆయన నాకు వివరించారు.

"కళ్ళు ఆశపడతాయి. కొంగ కోసం వెతికేవాడికి తెల్ల ప్లాస్టిక్ సంచి కూడా కొంగే. అక్కడివాళ్ళు మనకి కొంగ అని చెబితే మన చెవి కూడా కొంగనే వింటుంది. చెవిని ఒంటరిగా వదిలెయ్యి, నిజం అదే చెబుతుంది."

నాకా మాట తెగ నచ్చింది. ఇంటికెళ్ళి మా ఆయనకి కూడా చెప్పాను. ఆయన టీవీ సౌండు తగ్గించకుండానే తలూపారు.

ఇక అసలు సంగతి. పశ్చిమ ఆఫ్రికా తీరంలో ఒక దేశం. పేరు చెప్పను, చెప్పకూడదు కూడా. అక్కడ సముద్రపు పాయ ఒకటి లోపలికి వస్తుంది. పాయ మధ్యలో బురద మేట, ఒడ్డున మడ చెట్ల పట్టీ. మేట మీంచి ఆ పట్టీ దాకా సరుకు పడవలు ఆగే జెట్టీ, దాని వెనక గోదాములు కట్టాలని మా క్లయింటు ఆలోచన. మా రిపోర్టులో పక్షులు తక్కువని తేలితే మేటా, చెట్లూ పోతాయి. రకరకాల పక్షులున్నాయని తేలితే జెట్టీ ఇంకోచోటికి జరుగుతుంది. అంతే సంగతి. ఏడాది పొడుగునా వినాలి, విని చెప్పాలి.

అక్కడ రికార్డర్ పెట్టే ఆవిడ ఆ ఊరి కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే లెక్చరర్. నేనామె ముఖం ఏనాడూ చూడలేదు, గొంతే విన్నాను. ప్రతి కార్డూ ఆవిడ గొంతుతోనే మొదలయ్యేది. పడవ అంచు చెట్టుకి తగిలిన చప్పుడు, దోమని కొట్టుకున్న చప్పుడు, తర్వాత స్థలం గుర్తు, తేదీ. చివర్లో ప్రతిసారీ ఒకే మాట: "సరే, ఇక వినండి." అన్నీ గుసగుసలోనే. పక్కగదిలో పసిబిడ్డని పడుకోబెట్టి వచ్చిన తల్లి మాట్లాడినట్టు.

ఆ గుసగుసతో నా ప్రాణం విసిగిపోయేది. వాల్యూమ్ ఎంత పెంచినా స్థలం గుర్తు అర్థమయ్యేది కాదు, పెంచాక దోమ చప్పుడు చెవి పగలగొట్టేది. ఒకరోజు సీనియర్‌తో మొరపెట్టుకున్నాను. ఒక ఈమెయిలు పెట్టమన్నారు. దయచేసి స్పష్టంగా, గట్టిగా మాట్లాడండి అని రాశాను. ఒక్క వాక్యం జవాబొచ్చింది: ఒకసారి అలాగే చేసి చూస్తాను.

తర్వాతి కార్డులో ఆవిడ నిజంగానే గట్టిగా మాట్లాడింది. మంచి గొంతు. క్లాసులో ఆఖరి బెంచీకి వినిపించే గొంతు. "సరే, ఇక వినండి" అన్నాక మాత్రం ఫైలంతా ఖాళీ. ప్రోగ్రామ్ అక్కడ ఒక పెద్ద ముక్క కత్తిరించి 'గాలి' అని గుర్తు పెట్టింది.

"ఆవిడ గొంతెత్తంగనే తుఫాను లేసినట్టుంది ఆంటీ" అన్నాడు తమ్ముడు.

"మా హెడ్‌మాస్టరు గొంతెత్తినా అంతే" అన్నాను. సీనియర్‌కి అనువాదం చేసి చెబితే ఆయన కూడా పడీ పడీ నవ్వారు.

ఆ తర్వాతి కార్డు నుంచి ఆవిడ మళ్ళీ గుసగుసలోకి దిగింది. ఈమెయిలు కూడా పెట్టింది: క్షమించాలి, నేను ఇలాగే మాట్లాడతాను. కారణం రాయలేదు. మొండి మనిషి అనుకున్నాను. గొంతు నొప్పేమో అన్నారు సీనియర్. ఇక అడగలేదు.

ఏడాది చివరికి వచ్చేసరికి ఆ మడ చెట్ల గురించి మా దగ్గర చెప్పుకోదగ్గ సరుకేమీ లేదు. లకుముకి పిట్ట ఒకటి పలికేది. తేనెపిట్టలు రెండు రకాలు. ఆకుల్లో తిరిగే చిన్న గోధుమ రంగు పిట్ట ఒకటి. ఎప్పుడైనా ఒక కొంగ, అది కూడా గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు. మిగతాదంతా నీళ్ళు చెట్ల వేళ్ళని తాకే చప్పుడు. వేరే దేశాల మడ అడవులు విన్నదాన్ని నేను, ఇంత పేద అడవిని ఎక్కడా వినలేదు. బయటికి అనకపోయినా ముగ్గురికీ బాధగానే ఉండేది. మనం విన్నది విన్నట్టు రాయాలి కదా అని సీనియర్ అనేవారు. ఆ మాట మాతో అన్నట్టుండేది కాదు, తనతోనే అనుకుంటున్నట్టుండేది.

రిపోర్టు తయారైంది. పంపడానికి ఒక్కరోజు ఉందనగా, నేను మధ్యాహ్నం పెరుగన్నం తింటూ పనికిరాని ఫైళ్ళు చెరిపేస్తున్నాను. అందులో ఆ పాయ నుంచి వచ్చిన ఫైలొకదానిది ప్రత్యేకమైన గొడవ. ఉప్పు గాలికి ఆ రికార్డర్ గడియారం ఒకసారి చెడి, తెల్లవారుజామున నిద్రపోయి మిట్టమధ్యాహ్నం లేచింది. తప్పు వేళలో పట్టింది కాబట్టి నియమం ప్రకారం అది లెక్కలోకి రాదు. వినకుండా చెరిపెయ్యొచ్చు. తింటున్నప్పుడు ఏదో ఒకటి చెవిలో మోగాలి కదా అని పెట్టుకున్నాను.

ముద్ద నోట్లోకి వెళ్ళలేదు. నా చెవుల్లో సంత జరుగుతోంది. ఈలలు, కీచులు, చకచకమనే గోల, ఒకదాన్నొకటి తరుముకునే అరుపులు. నాకు తెలిసినవి కొన్ని, తెలియనివి బోలెడు. అది అదే చెట్టుకి కట్టిన అదే రికార్డర్. హెడ్‌ఫోన్లు తీసి చూశాను, పెట్టి చూశాను. చెయ్యి కడుక్కోకుండానే సీనియర్ దగ్గరికి పరిగెత్తాను.

ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. కాసేపటికి ముఖం మారిపోయింది. ఒక వేలు పైకెత్తి, "ఇది వింబ్రెల్" అన్నారు. పొడుగాటి వంగిన ముక్కుతో బురదలో పీతల్ని పట్టుకు తినే పక్షి. ఒకే స్వరం మీద గబగబా ఏడు ఈలలు వేస్తుంది. స్కాట్లాండ్ ఉత్తరాన దీవుల్లో కొన్ని గూళ్ళు పెడతాయి, ఏప్రిల్, మే నెలల్లో సెవెర్న్ నది ఒడ్డు పచ్చికల మీద గుంపులుగా దిగుతాయి. "దీన్ని నేను చిన్నప్పుడు మా నాన్నతో విన్నాను. చలికాలం ఎక్కడికి పోతుందని అడిగితే ఆఫ్రికా అన్నాడు. ఇదా ఆఫ్రికా!" అన్నారు.

అప్పుడు మొదలైంది అసలు ప్రశ్న. మధ్యాహ్నం ఇన్ని పక్షులున్న అడవి పొద్దున్నే ఎందుకు ఖాళీగా ఉంది? తమ్ముడు లాప్‌టాప్‌లో ఆ రేవు పోటు పాటుల పట్టిక తీశాడు. పోటంటే సముద్రం పొంగి లోపలికి రావడం, పాటంటే వెనక్కి తగ్గడం. మా వైపు అన్నం తినే ప్రతివాళ్ళకీ తెలిసిన మాటలే, బస్సు కిటికీలోంచి చూసిన నాకు కూడా.

"గిదేందో సూడుండ్రి ఆంటీ. ఆవిడ పడవ ఆ పాయల్కి పోవాలంటే పెద్ద పోటే కావాలె. పెద్ద పోటు పున్నానికీ, అమాసకే వస్తది. ఆ రేవుల ఆ రెండు దినాలూ పొద్దుగాల్నే నీళ్ళు నిండుతున్నయ్. ఇగ ఆమె పెట్టిపోయినంక బ్యాటరీ రెండు మూడు దినాలకే ఖతం."

అంటే ఏడాది పొడుగునా మేం ఒకే ఒక్క వేళని విన్నాం. బురద మేట నీళ్ళలో మునిగి ఉన్న వేళని. తినడానికి బురదే లేనప్పుడు బురద పక్షులు ఎందుకుంటాయి? మడ అడవికి పొద్దూ మాపూ సూర్యుడు ఒక్కడే చెప్పడు, సముద్రం కూడా చెబుతుంది. ఇంగ్లండు అడవి గడియారాన్ని తీసుకెళ్ళి ఆఫ్రికా పాయకి కట్టాం. చెడిపోయిన గడియారం ఒక్కటే సరైన వేళకి లేచింది.

సీనియర్ తయారైన రిపోర్టుని తన ముందుకి లాక్కున్నారు. ఆ తెల్లవారుజాము నియమం ఆయన జీవితమంతా కట్టుకున్నది. దాని మీద ఎన్నో ఊళ్ళలో పాఠాలు చెప్పారు. "రిపోర్టు ఆపాలి" అన్నారు చివరికి. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో నాకు తెలుసు. ఆరోజు ఆయన మీద నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

మర్నాడు పొద్దున్నే మీటింగు. మా మేనేజరు, నాకంటే బాగా చిన్నావిడ, గడువు అంటే ప్రాణం పెట్టే మనిషి. తెర మీద క్లయింటు తరఫు ఇద్దరు. నన్ను చెప్పమన్నారు. రాత్రి ఇంట్లో అద్దం ముందు అనుకున్నదంతా చెప్పాను. మా ముందు జాబితాలో లేని పక్షులు ఒక్క మధ్యాహ్నపు ఫైల్లోనే ఎన్నున్నాయో, పాటు వేళ బురదకి ఎన్ని రకాలొస్తాయో, ఎందుకు మిస్సయ్యామో వివరించాను. తెర మీద ఒకాయన కాఫీ కప్పుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఇవి అరుదైన పక్షులా?" అని అడిగింది మేనేజరు.

"ఎక్కువ భాగం కావు. కానీ ఇన్ని రకాలు ఒక్కచోట ఉండటమే..."

"అరుదైనవి కాకపోతే చివర్లో ఒక పేరా జతచేద్దాం. మళ్ళీ రికార్డింగంటే ఇంకో సీజన్ పడుతుంది. ఇప్పుడు అంత టైం లేదు."

ఒక అడవి నా కళ్ళముందే చివరి పేరాలోకి జారిపోతోంది. అప్పుడు సీనియర్ లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని ఆ ఏడు ఈలలు వినిపించారు. "ఇది మన పక్షి" అన్నారు. "స్కాట్లాండ్‌లో పుడుతుంది. మన పచ్చికల్లో తింటుంది. చలికాలం అక్కడ గడుపుతుంది."

గదిలో ఒక్కసారిగా గాలి మారిపోయింది. మన పక్షా? మేనేజరు ముందుకి వంగింది. తెర మీద కాఫీ ఆయన కప్పు కింద పెట్టాడు. మన పక్షికి నష్టం జరిగిందని రేపు పేపర్లో వస్తే కంపెనీ పేరేమవుతుందో ఆయనకి చప్పున తట్టింది. లకుముకులూ, తేనెపిట్టలూ, పేరు తెలియని ఆ సంతంతా చేయలేని పని ఒక్క ఇంటి పిట్ట చేసింది. నేను చాలాకాలంగా ఈ దేశంలో ఉంటున్నదాన్ని, నాకేం ఆశ్చర్యం వెయ్యలేదు. కానీ పని జరిగింది కదా అని సంతోషించాను.

ఇంకో సీజన్ ఇచ్చారు. రికార్డర్‌ని పాటు వేళ లేచేలా మార్పించాం. కార్డులు వచ్చాయి, గోలగోలగా, నిండుగా. ఆ చలికాలమంతా పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళాలంటే హుషారుగా ఉండేది. కొత్త రిపోర్టులో బురద మేట గురించి పేజీల కొద్దీ రాశాం. క్లయింటు ఒప్పుకున్నాడు. బురదని ముట్టుకోబోమని చెప్పాడు, జెట్టీని ఒడ్డు వైపుకి జరుపుతామన్నాడు. మేనేజరు కేకు తెప్పించింది, మీద పక్షి బొమ్మ. చూడ్డానికి బాతులా ఉంది. ముక్కు భాగం నాకొచ్చింది.

కేకు తింటూ సీనియర్ ఒక్కటే అడిగారు. "ఒడ్డు వైపుకంటే, చెట్ల పట్టీలోకా?"

"చెట్ల దగ్గర పెద్దగా ఏమీ లేవని మీ తెల్లవారుజాము రికార్డింగులే చెబుతున్నాయిగా. అవి ఇంకా చెల్లుతాయి" అంది మేనేజరు. తప్పేం కాదు. రికార్డింగుల్లో ఉన్నది అదే. ఇంకేదో అడగాలని సీనియర్‌కుంది, ఏమడగాలో తెలియలేదు. నాకు కూడా తెలియలేదు.

కొన్ని నెలలకి ఒప్పందం ముగిసింది. ముగిశాక ఒక కవరొచ్చింది, అందులో ఒక్క కార్డు. అలవాటు కొద్దీ వాల్యూమ్ పెంచి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఆవిడ గొంతుకి అదిరిపడ్డాను. గట్టిగా, ఆఖరి బెంచీకి వినిపించేలా మాట్లాడుతోంది. హెడ్‌ఫోన్లు ఊడదీసి స్పీకర్లో పెట్టి ఇద్దర్నీ పిలిచాను.

"ఇది ఆఖరి కార్డు. ఒప్పందం అయిపోయింది కాబట్టి ఇప్పుడు చూసింది చెప్పొచ్చనుకుంటాను" అంటోంది. "పోటొచ్చి బురద మునిగితే అవన్నీ ఈ చెట్ల మీదకే వచ్చి పడుకునేవి. పొడుగు ముక్కులవి, పొట్టివి, అన్నీ. కొమ్మ కనిపించేది కాదు. పడుకున్న పక్షి కూయదు కదా. అందుకే నేను గుసగుసగా మాట్లాడేదాన్ని. మీరు గట్టిగా మాట్లాడమన్నరోజు అన్నీ ఒక్కసారి లేచి ఎగిరిపోయాయి. మీరు విన్నారనే అనుకున్నాను. పక్షులు దక్కాయని మీరు కబురు చేస్తే చెట్లు కూడా దక్కాయనుకున్నాను. రంపాలు వచ్చేదాకా నాకు తెలియదు. పాటు వేళ ఇప్పటికీ బురదకి వస్తున్నాయి. పోటు వేళ ఎక్కడికి పోతున్నాయో తెలియడం లేదు."

కాసేపు నీళ్ళ చప్పుడు.

"ఇప్పుడు గట్టిగా మాట్లాడొచ్చు. లేవడానికి ఎవరూ లేరు. సరే, ఇక వినండి."

ఆ తర్వాత నిజంగానే ఏమీ లేదు.

తమ్ముడు వెళ్ళి, పాత ఫైళ్ళలోంచి ఆ 'గాలి' ముక్కని వెతికి తీశాడు. కత్తిరించకముందుది. అంతవరకు మా ముగ్గురిలో ఎవరూ వినలేదు దాన్ని. పెట్టాడు. ఆవిడ గొంతు, "సరే, ఇక వినండి." ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ వెంటనే చెట్లన్నీ ఒక్కసారిగా పైకి లేచినట్టు రెక్కల హోరు. ఆ హోరు లోపల, దూరమైపోతూ, ఏడు ఈలలు. మళ్ళీ ఏడు. మళ్ళీ.

"గాలి గాదు ఆంటీ" అన్నాడు తమ్ముడు. కళ్ళు తుడుచుకోవడం నేను చూడకూడదని అటు తిరిగాడు.

సీనియర్ కుర్చీలోంచి లేవలేదు. టీ వంతు ఆయనది. ఎంతసేపటికీ లేవకపోతే నేనే వెళ్ళి కెటిల్ పెట్టాను. నీళ్ళు మరుగుతుంటే ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆవిడ తప్పు ఒక్కటీ లేదు. చెప్పొద్దన్నాం, చెప్పలేదు. చెప్పొద్దన్నప్పటికీ తనకి చేతనైనట్టు ఏడాది పొడుగునా చెబుతూనే ఉంది. మేం వాల్యూమ్ పెంచుకున్నాం.

ఆవిడకి ఉత్తరం రాశాను. జవాబొచ్చింది, మర్యాదగా, రెండు వాక్యాలు. అంతకంటే ఎక్కువ ఆశించే హక్కు నాకు లేదు. ఆ తర్వాత మా సీనియర్ రెండో నియమాన్ని తీయించారు. ఇప్పుడు అడవికి వెళ్ళినవాళ్ళు చూసిందంతా చెప్పొచ్చు. ఆ చెట్లకి మాత్రం అది ఆలస్యమైంది.

ఇప్పుడు సీనియరూ నేనూ ఇద్దరం రిటైరయ్యాం. తమ్ముడు ఎడిన్‌బర్గ్ వెళ్ళిపోయాడు, ఉగాదికి ఫోన్ చేస్తాడు, ఇంకా ఆంటీ అనే అంటాడు. ఏప్రిల్ ఆఖరున సీనియర్ కబురు చేస్తారు, వింబ్రెల్‌లు వచ్చాయని. ఆయన కారులో సెవెర్న్ ఒడ్డుకి వెళ్తాం. నది పోటు మీద ఉన్నప్పుడే వెళ్తాం. పచ్చికలో ఒంటికాలి మీద నిలబడి, వంపు ముక్కులు వీపుల్లో దాచుకుని నిద్రపోతుంటాయి. ఒక్కటి కూడా కూయదు.

ఆయనకి ఇప్పుడు చెవులు సరిగ్గా వినిపించవు. అందుకని తెలియకుండానే గట్టిగా మాట్లాడతారు. నేను చెయ్యి పట్టుకుని, "మెల్లగా, పడుకున్నాయి" అని గుసగుసగా అంటాను.